ఆరో వార్డు రాయి

మొగిలిగుంట ఆరో వార్డు మెంబరు గుర్రాల హనుమండ్లుకు పగ అనేది యాభై ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి పట్టింది. చిన్నతనంలో ఆటలమ్మ పోయనివాళ్లకు పెద్దయ్యాక పోస్తే ఎంత గట్టిగా పోస్తుందో, ఇదీ అంత గట్టిగా పట్టింది.

అంతకుముందు ఆయన ఎవరి మీదా పొద్దుగూకేదాకా కోపం ఉంచుకున్న మనిషి కాదు. పంతొమ్మిదేళ్లు దుబాయిలో షట్టరింగు పని చేశాడు. పన్నెండు మంది పడుకునే క్యాంపు గదిలో, చదువురాని వాళ్లందరికీ ఇళ్లకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు. ఎవరి భార్య ఎవరి మీద అలిగిందో అన్నీ తెలిసినా ఒకరి మాట ఇంకొకరి చెవిన వేయలేదు. తిరిగొచ్చాక ఎకరంనర పొలం, ఒక బర్రె, భార్య కొమురవ్వ. తండ్రి వదిలిన దుబాయిని కొడుకు రాకేశ్ పట్టుకున్నాడు. మొన్నటి పంచాయతీ ఎన్నికల్లో నలుగురూ నిలబడమంటే నిలబడ్డాడు, పదకొండు ఓట్లతో గెలిచాడు. అంతవరకు కథలో ఏ పేచీ లేదు.

పేచీ ఉపసర్పంచి ఎన్నిక నాడు మొదలైంది. సర్పంచు గోపాల్ నలభై ఏళ్లవాడు, ఎరువుల దుకాణం ఉంది, హనుమండ్లును చిన్నప్పటి నుంచీ "కాకా" అని పిలుస్తాడు. తన మనిషే ఉపసర్పంచి కావాలని అతని పట్టు. మెంబర్లు చేతులెత్తాలి. హనుమండ్లుకు అవతలి మనిషి మంచివాడనిపించింది. కానీ ఎవరికీ చెడ్డ కావడం ఇష్టం లేదు. అందుకని అవతలి మనిషి పేరు పిలిచినప్పుడు కళ్లు మూసుకొని చెయ్యెత్తాడు. కళ్లు తెరిచేసరికి గోపాల్ ఆ చేతినే చూస్తున్నాడు.

రెండు నెలలకు ఆరో వార్డులో మురుగునీళ్లు పోయేందుకు కొత్త మోరి కట్టారు. రోడ్డు మలుపులో, బస్సు ఆగేచోట, నల్ల గ్రానైటు శిలాఫలకం లేచింది. ప్రారంభానికి హనుమండ్లు తెల్లచొక్కా కుట్టించుకున్నాడు. సొంత వార్డు, సొంత మోరి. మండలం నుంచి వచ్చిన పెద్దమనిషి రాయి మీది పసుపు గుడ్డ లాగేసరికి హనుమండ్లు అప్పటికే రాకేశ్‌కు వీడియో కాల్ కలిపి ఉన్నాడు.

"సూడు బిడ్డా, మీ బాపు పేరు సూడు!"

ఫోను రాయి మీద పైనుంచి కిందికి జారింది.

"బాపూ, ఏది? జర కిందికి పెట్టు. ఇంక కిందికి. తొమ్మిది మంది మెంబర్లున్నరు, నువ్వు లేవు బాపూ. అగో, మైకుసెట్టోని పేరు సుత ఉన్నది."

అటువైపు రాకేశ్ గదిలోని నలుగురైదుగురు ఊరివాళ్లు తలలు వంచి చూస్తున్నారు. హనుమండ్లు "ఎండకు అక్షరాలు మెరుస్తున్నయ్ బిడ్డా" అని కాల్ కట్ చేశాడు. ఆ రోజు మబ్బు పట్టి ఉంది.

జనం పలచబడ్డాక గోపాల్ దగ్గరికి పోయాడు. "గోపాల్, నా పేరేది?"

"రాయిల జాగ సరిపోలే కాకా," అని గోపాల్ భుజం మీద చెయ్యేశాడు. "ఎవలనన్న ఇడువాలె గదా. నువ్వైతే మనింటోనివి, ఏమనుకోవని."

పక్కనున్నవాళ్లు నవ్వారు. పేరు లేకపోవడాన్ని హనుమండ్లు ఓర్చుకునేవాడేమో. ఆ "మనింటోనివి" దగ్గర లోపల ఏదో పుటుక్కున తెగింది. గోపాల్ చేతనే, అందరి ముందర, తన పేరు ఒప్పించాలి. అదొక్కటే కావాలి. ఇంక వేరే ఏమీ వద్దు.

ఇంటికి రాగానే కొమురవ్వకు మొదటి ఆజ్ఞ జారీ అయింది. "మనింటి నీళ్లు ఒక్క సుక్క సుత గా మోరిల పడద్దు."

"పడకుంటె ఏడ పోయాలె? నీ నెత్తి మీదనా?"

"వాకిట్ల పొయ్యి."

"దోమలు గుంజుకపోతయ్ మనలను."

"గుంజుకపోనీ. గోపాల్ మోరిల మన నీళ్లు పారొద్దు."

వారం రోజుల్లో వాకిలి బురద గుంట అయింది. బర్రెకు మాత్రం సంతోషమైంది.

ఇక సోమవారాలు మొదలయ్యాయి. కరీంనగర్ కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి. జిల్లాలో ఎవరికి ఏ గోస ఉన్నా కాగితం పట్టుకొని పోవచ్చు. హనుమండ్లు పొద్దున్నే తలస్నానం చేసి, అదే తెల్లచొక్కా వేసుకొని, ప్లాస్టిక్ కవర్లో కాగితాలు సర్దుకొని మొదటి బస్సెక్కేవాడు. మొదటి సోమవారం రిజిస్టరు బల్ల దగ్గర మమతారాణి అనే ఉద్యోగి కాగితం అందుకుంది.

"భూమి పంచాయితా పెద్దమనిషీ, పింఛనా?"

"రాయి మేడం."

"గ్రానైటు క్వారీనా?"

"కాదు మేడం. రాయి మీద నా పేరు లేదు."

ఆమె పెన్ను ఆపి ఆయన ముఖం చూసింది. ముఖంలో నవ్వులాట ఏమీ కనబడలేదు. నంబరు వేసి రసీదు ఇచ్చింది. హనుమండ్లు ఆ రసీదును దేవుడి పటం వెనక పెట్టాడు. తర్వాతి సోమవారం ఇంకొకటి. పటం గోడ నుంచి జానెడు ముందుకు వచ్చింది.

వెళ్లినప్పుడల్లా వరుసలో గంటలు గంటలు నిలబడాలి. చేతిలో పెన్ను ఉన్న మనిషి వరుసలో ఊరికే ఎట్లా ఉంటాడు? ఎవరో ముసలామె "బిడ్డా, జర నాది రాసిస్తవా" అంటే రాసిచ్చాడు. ఆ తర్వాత ఇంకొకరికి. క్యాంపు గది రోజులు మళ్లీ వచ్చాయి. అందరి కాగితాలూ ఓపికగా, గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. తన కాగితం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అక్షరాలు కాగితాన్ని చించేవి. పనిలో పనిగా, గోపాల్‌కు మండాలని, తన వార్డులో వెలగని కరెంటు స్తంభాల మీద, నీళ్లు రాని నల్లా మీద కూడా కాగితాలు పెట్టాడు. ఆ పనులన్నీ ఒక్కొక్కటే అయిపోయాయి. ఆరో వార్డులో దీపాలు వెలిగాయి. ఆయన వాటిని చూసి ఒక్కసారీ సంతోషపడలేదు. రాయి మీద పేరు పడలేదుగా.

ఊళ్లో ఇంకో ఇబ్బంది పుట్టింది. ప్రతి సోమవారం ఇస్త్రీ చొక్కాతో కరీంనగర్ పోయే మనిషి గురించి వాడకట్టు ఒక నిర్ణయానికి వచ్చింది. పక్కింటామె కొమురవ్వను చాటుకు పిలిచి, "అక్కా, దాసకు. అన్నకు డయాలసిస్సేనా? మా మేనమామ సుత సోమారమే పోతుండె," అని కళ్లు తుడుచుకుంది.

"కిడ్నీ మంచిగనే ఉన్నది సెల్లె," అంది కొమురవ్వ. "నెత్తే ఖరాబైంది."

తొమ్మిదో సోమవారం తర్వాత పంచాయతీకి ఆర్డరు వచ్చింది. 'సదరు ఆరవ వార్డు సభ్యుని పేరుతో శిలాఫలకం ఏర్పాటు చేసి, ఫోటో సమర్పించవలెను.' పంచాయతీ కార్యదర్శి ఆ కాగితాన్ని గోపాల్ ముందు పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాడు. గోపాల్ రెండుసార్లు చదివాడు. మూడోసారి చదువుతుంటే అతని ముఖంలో నవ్వు పుట్టింది. ఆ నవ్వు మంచిది కాదు.

నాలుగు రోజులకు కరీంనగర్ గ్రానైటు దుకాణం నుంచి ట్రాలీలో రాయి దిగింది. మోకాలెత్తు నల్లరాయి. పైభాగం గుండ్రంగా చెక్కి ఉంది. పెద్ద ఫలకానికి పక్కనే, చుట్టూ సిమెంటు గద్దె కట్టి దాన్ని నిలబెట్టారు. మీద తెల్లటి అక్షరాలు: 'గుర్రాల హనుమండ్లు, ఆరవ వార్డు'. దాని కింద ఒక తారీఖు. ఇంకేమీ లేదు.

పొలాల గట్టున పెద్దవాళ్లకు కట్టే సమాధి రాయి అచ్చం అట్లాగే ఉంటుంది.

మొదట చూసింది కొమురవ్వే. పాలు పోసి వస్తున్న మనిషి ఖాళీ గిన్నె అక్కడే జారవిడిచి ఇంటిదాకా ఉరికింది. "ఓ రాకేశ్ బాపూ! నిన్ను పాతిపెట్టిండ్రయ్యా!"

హనుమండ్లు వెళ్లి చూసేసరికి రాయి ముందర ఎవరో రెండు బంతిపూలు కూడా పెట్టారు. బడికి పోయే ఆడపిల్లలు రోడ్డు అవతలి అంచు పట్టుకొని నడుస్తున్నారు. ఒక ముసలాయన కళ్లజోడు సర్దుకొని చదివి, "సచ్చిన తారీఖున్నది. పుట్టిన తారీఖు ఏయలేదేంది?" అన్నాడు. ఆ తర్వాత తల తిప్పి, పక్కనే నిలబడ్డ హనుమండ్లును చూసి, గబగబా వెళ్లిపోయాడు.

ఫోటో ఊరి వాట్సప్ గ్రూపులోకి, అక్కడి నుంచి చుట్టాల గ్రూపుల్లోకి పాకింది. దుబాయి నుంచి రాకేశ్ ఏడుస్తూ ఫోన్ చేశాడు. తండ్రి గొంతు విని కూడా రెండు నిమిషాలు నమ్మలేదు. సాయంత్రానికి నస్పూర్ నుంచి బావమరిది దిగాడు. బొగ్గుబాయిలో డ్యూటీ వదులుకొని, అక్కకు చీర, బావ పేరు మీద ధోవతి, కొబ్బరికాయ సంచిలో పెట్టుకొని, వాకిట్లోనే "బావా, ఎంత పని జేసినవే" అని ఏడుపు ఎత్తుకున్నాడు. బురద గుంట పక్కన బర్రెకు గడ్డి వేస్తున్న బావ లేచి నిలబడ్డాడు. బావమరిది ఏడుపు మధ్యలో తెగింది. సంచి వీపు వెనక్కి పోయింది.

"గా సంచి ఎట్ల తెచ్చినవో గట్లనే తీస్కపో," అంది కొమురవ్వ. "గా చీర నా కండ్లబడితె ఇద్దర్ని కొడ్త."

ఎరువుల దుకాణం ముందు గోపాల్ ఏం చెబుతున్నాడో హనుమండ్లుకు అప్పటికే చేరింది: "కాక పేరడిగిండు, పేరిచ్చిన. సల్లగుండాలె." ఆయన రాత్రంతా దవడలు నూరుతూ పడుకున్నాడు. తెల్లారేసరికి కొత్త కాగితం రాశాడు. ఈసారి విషయం: 'శిలాఫలకముపై నున్న నా పేరు తక్షణమే తొలగించుట గురించి.'

సోమవారం మమతారాణి ఆ కాగితం చదివింది. పాత రిజిస్టరు తిప్పింది. మళ్లీ చదివింది.

"పెద్దమనిషీ, పెట్టుమన్నది మీరే గదా?"

"నేనే మేడం."

"పెట్టిండ్రు గదా?"

"పెట్టిండ్రు."

"ఇప్పుడు తీసెయ్యుమంటున్నరు."

"బతికున్నోన్ని సంపినట్టు పెట్టిండ్రు మేడం."

వరుసలో వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. హనుమండ్లు చెవులు ఎర్రబడ్డాయి. సరిగ్గా అప్పుడే రెండు వరుసల వెనక నుంచి ఒక ముసలామె చెయ్యెత్తి కేక వేసింది. పక్క గూడెం రామవ్వ. ఆమె పింఛను కాగితం రాసిపెట్టింది హనుమండ్లే. పింఛను కూడా వచ్చింది.

"ఓ బిడ్డా, నువ్వు బతికే ఉన్నవా! మీ ఊర్ల ఏడ దిగాల్నో నాకెప్పుడు ఎరుక గాకపోవు. రోడ్డు ఎడల్పు జేసినంక గాడ నిషానీ లేకపాయె. మొన్న బస్సుల 'హనుమండ్ల రాయి కాడ ఆపు బిడ్డా' అంటె కండక్టరు టక్కున ఆపిండు! మంచిగ పెట్టుకున్నవ్ రాయి."

హనుమండ్లు అలాగే నిలబడిపోయాడు. హనుమండ్ల రాయి. ఆ మాట నోట్లో వేసుకొని చూసుకున్నాడు. రుచిగానే ఉంది. చెయ్యి చాపి మమతారాణి ముందునుంచి కాగితం వెనక్కి తీసుకున్నాడు.

"ఉండనీ మేడం. ఎవల పుణ్యమో, పెట్టిండ్రు."

తిరుగు ప్రయాణంలో మండలం సెంటర్‌లో బస్సు దిగి జియావుల్లా ఆటో ఎక్కాడు. జియావుల్లా ఆ దారిలో పదిహేనేళ్లుగా ఆటో తోలుతున్నాడు. నోరు పెద్దది, మనసు దానికంటే పెద్దది.

"జియా, మా మలుపు కాడ ఆపేటప్పుడు ఏమని ఒర్రుతవ్?"

"క్యా ఒర్రుతం కాకా, మొగిలిగుంట అంటం."

"ఇగ నుంచి హనుమండ్ల రాయి అను."

జియావుల్లా అద్దంలోంచి ఆయనను చూసి, ఒక్క క్షణంలో మొత్తం సంగతి అర్థం చేసుకున్నాడు. పండ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. "ఫికర్ జెయ్యకు కాకా. సర్పంచ్ సాబ్ చెవుల పడేటట్టు ఒర్రుత."

మర్నాటి నుంచి పగ ఒక పద్ధతిలో నడిచింది. హనుమండ్లు పొద్దున్నే పోయి రాయిని తడిగుడ్డతో తుడిచేవాడు. అందరూ రాయిని చూసి భయపడితే తన పని చెడుతుంది. అందుకని తనే గద్దె మీద కూర్చొని చాయ్ తాగేవాడు. చచ్చిన మనిషి తన సమాధి మీద కూర్చొని చాయ్ తాగుతుంటే ఎవరికి మాత్రం భయం నిలుస్తుంది? వారంలోనే జనం అక్కడికే కాగితాలు రాయించుకోవడానికి రావడం మొదలుపెట్టారు. డిగ్రీ చదివే పక్కింటి దీపిక ఫోను మ్యాపులో ఆ చోటుకు పేరు ఎక్కించింది. గ్యాసు బండివాడు, పార్సిల్ తెచ్చేవాడు, పెళ్లికార్డులు పంచేవాడు అందరూ అదే గుర్తు అన్నారు. కొమురవ్వ కూడా చివరికి కూరగాయల బండిని "రాయి కాడికి రా" అని పిలిచింది. మోరిలో నీళ్లు పోయడానికి మాత్రం ఇంకా అనుమతి దొరకలేదు.

గోపాల్‌కు ఈ సంగతి మండల సమావేశంలో తెలిసింది. పక్క ఊరి సర్పంచు నలుగురి మధ్యలో అడిగాడు: "మీదేనా గా హనుమండ్ల రాయి ఊరు?" గోపాల్ తిరిగొచ్చి కార్యదర్శిని పిలిచి, రాయి తీయించమన్నాడు.

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. "తీసుడు ఎట్ల సార్? ఆర్డరు అమలైందని మనమే ఫోటో పంపినం. తీస్తె ఆయన మల్ల సోమారం పోతడు. ఈసారి రాయి మాయమైందని పెడతడు."

గోపాల్ రాయి జోలికి పోలేదు. కానీ పట్టుబట్టాడు: ఊరంతా అన్నా తన నోట మాత్రం ఆ పేరు రాదు. దుకాణంలో ఎవరైనా దారి అడిగితే "మోరి మలుపు" అనేవాడు. వాళ్లు పోయి నాలుగు మోరీలు తిరిగి, చివరికి ఎవరినో అడిగి హనుమండ్ల రాయి దగ్గర తేలేవారు. ఈ సంగతులన్నీ హనుమండ్లుకు పూటపూటకూ అందుతున్నాయి. ఆయన చాయ్ చప్పరిస్తూ కాచుకున్నాడు. కాచుకోవడం దుబాయిలో బాగా నేర్చుకున్న విద్య.

మే నెలలో ఒక సోమవారం సర్పంచులకు కరీంనగర్‌లో మీటింగు పెట్టారు. గోపాల్ కారును అతని బామ్మర్ది ఏదో పెళ్లికి పట్టుకుపోయాడు. మధ్యాహ్నం గోపాల్ తిరిగొచ్చి బస్సు దిగేసరికి, నిప్పులు చెరుగుతున్న ఎండలో, మండలం సెంటర్‌లో ఉన్నది ఒక్క జియావుల్లా ఆటో. వెనక సీట్లో ప్రజావాణిలో ఎవరి కాగితమో ఇచ్చి వస్తున్న హనుమండ్లు, ఇద్దరు ఆడవాళ్లు. గోపాల్ కాసేపు తచ్చాడి, చివరికి జియావుల్లా పక్కన అర సీటు మీద కూర్చున్నాడు. మలుపు కనబడుతుండగా జియావుల్లా ఆటో నిదానం చేశాడు.

"సర్పంచ్ సాబ్, ఏడ ఆపాలె?"

"ఆపు, గీడనే."

"గీడ అంటె ఏడ సాబ్? పేరు జెప్పుండ్రి."

వెనక ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. హనుమండ్లు బయటికి చూస్తున్నాడు, చెవులు మాత్రం ముందు సీట్లో ఉన్నాయి. గోపాల్ మెడ నరాలు బిగిశాయి.

"నేను రైస్‌మిల్లు కాడ దిగుత. పనున్నది."

మిల్లుకు సంక్రాంతి నుంచి తాళమే ఉంది. ఆ సంగతి ఆటోలో అందరికీ తెలుసు. జియావుల్లా "అచ్ఛా సాబ్" అని, మలుపులో హనుమండ్లును దింపి, సర్పంచును రెండు కిలోమీటర్లు ముందుకు తీసుకుపోయాడు.

హనుమండ్లు ఇంటికి పోలేదు. చల్లటి నీళ్ల బాటిలు కొనుక్కొని, నెత్తిన తువ్వాల వేసుకొని గద్దె మీద కూర్చున్నాడు. అరగంట గడిచింది. రోడ్డు మీద ఎండమావిలోంచి తెల్లచొక్కా ఒకటి ఊగుతూ వచ్చింది. దగ్గరికి వచ్చేసరికి ఆ చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. గోపాల్ చెప్పుల్లోంచి కాళ్లు జారుతున్నాయి. ఇంక ఒక్క అడుగు పడేలా లేదు. చుట్టూ చూశాడు, కూర్చోవడానికి ఆ గద్దె తప్ప ఏమీ లేదు. రెండో చివర కూలబడ్డాడు.

"మిల్లు కాడ పనైందా సర్పంచ్ సాబ్?"

గోపాల్ ముఖం తుడుచుకున్నాడు. బాటిలు వైపు చూశాడు. హనుమండ్లు మూత తీసి, తీరిగ్గా రెండు గుక్కలు తాగి, మూత పెట్టాడు.

గోపాల్ ఫోను మోగింది. భార్య ప్రవళిక. ఆమె గొంతుకు స్పీకరు అక్కర్లేదు.

"ఏడున్నవ్? రెండు గంటలాయె, అన్నం సల్లారిపాయె. మా తమ్ముడు వచ్చిండు, కారు పంపిస్త. ఏడికి రమ్మంటవ్?"

"గీడనే... రోడ్డు మీద."

"రోడ్డు కరీంనగర్ దాకా ఉన్నది! గాడికేలి గీడికి ఎన్నిసార్లు తిరుగుతడు వాడు? ఏడున్నవో సక్కగ చెప్పు!"

గోపాల్ మిల్లు వైపు చూశాడు, ఎండ వైపు చూశాడు, బాటిలు వైపు చూశాడు. తన చేత్తో బేరమాడి చెక్కించిన తెల్లటి అక్షరాలు సరిగ్గా తన మోచేతి పక్కనే ఉన్నాయి.

"హనుమండ్ల రాయి కాడ," అన్నాడు. ఫోనుకే సరిగ్గా అందనంత మెల్లగా.

హనుమండ్లు ఒళ్లంతా ఒక్కసారి వేడెక్కి చల్లబడింది. నాలుగు నెలలుగా ఈ మాట కోసం ఎన్ని సోమవారాలు, ఎన్ని బస్సులు! కొంచెం జాలి కూడా కలిగిందేమో. కలిగినా పక్కకు నెట్టేశాడు. బాటిలును గోపాల్ చేతికి అందేంత దగ్గరగా చాపి, అక్కడే ఆపాడు.

"పాపం, బిడ్డకు ఇనబడ్డదో లేదో. ఇంక జర ఒర్రి చెప్పు కొడుకా."

గోపాల్ కళ్లు మూసుకొని, ఊరి మొదటి ఇళ్లదాకా వినబడేట్టు, ఒర్రి చెప్పాడు. అప్పుడు హనుమండ్లు నీళ్లిచ్చాడు.